ఆకుపచ్చ కప్ప కాలు

డెబ్బైల నడుమ ఒమాన్ దేశంలో, నిజ్వా ఊరి ఆసుపత్రిలో నేను నర్సుగా ఉన్నప్పుడు ఒక పనామా ఆవిడ కాన్పుకి వచ్చింది. భర్త రోడ్లు వేసే కంపెనీలో ఇంజనీరు. ఆవిడ మెడలో నల్లదారానికి బొటనవేలంత పచ్చరాతి కప్ప, దాని వీపు మీద బంగారు రేకు. కొలంబస్ ఓడ పనామా ఒడ్డు చూడకముందు చెక్కినదట, అమ్మమ్మ ఇచ్చిందట.

"పులి బొమ్మా మొసలి బొమ్మా దొరల మెడల్లోకి. కప్ప ఆడవాళ్ళకి. వాననీ పిల్లల్నీ తెస్తుంది" అంది వచ్చీరాని ఇంగ్లీషులో.

నాకు నవ్వొచ్చింది. మా గోదావరి పల్లెలో వాన పడకపోతే రోకలికి కప్పని కట్టి ఇంటింటా నీళ్ళు పోయించేవారు. మాది చర్చికెళ్ళే ఇల్లు, అలాంటివి కూడదు. దొంగతనంగా వెళ్ళి అమ్మ చేత తన్నులు తిన్నాను. అది చెబితే ఆవిడ నా చెయ్యి వదల్లేదు.

అప్పటికే ఇద్దరు బిడ్డలు పురిట్లోనే పోయారు ఆవిడకి. ఈసారి ఆపరేషన్ తప్పదన్నారు. థియేటర్లోకి నగలు తేకూడదు. కప్ప లేకుండా రానని ఆవిడ ఒకటే ఏడుపు.

"సిస్టర్, ఆమె సంతకం పెడ్తలేదు. మీరే జర సమజాయించుండ్రి" అన్నాడు మా హైదరాబాదు డాక్టరు విసుగ్గా.

నాకు ఒళ్ళు మండింది. "దానికేం ఇదైపోతున్నారు సార్! కత్తెర్లతో పాటు దాన్నీ మరగబెట్టేస్తాను. గుడ్డలో చుట్టి చేతికి కట్టేద్దాం, గొడవొదిలిపోద్ది!"

ఆయన సరేనన్నాడు. ఆవిడ సంతకం పెట్టింది.

మర్నాడు పొద్దున్న మరిగించిన డబ్బా మూత తీశాను. కప్ప వెనక కాలు ఊడి అడుగున పడుంది! ఎప్పుడో విరిగితే జిగురుతో అతికించారు కాబోలు, వేడికి కరిగిపోయింది. అన్ని వందల ఏళ్ళు ఆగిన కప్పని పావుగంటలో కుంటిదాన్ని చేశాను. చెబితే ఆవిడ ఆపరేషన్‌కి రాదు. నోరు మూసుకుని, కప్పని గుడ్డలో చుట్టి ఆవిడ మణికట్టుకి కట్టాను. కాలు నా జేబులో వేసుకున్నాను.

ఆడపిల్ల పుట్టింది, కెవ్వున ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

ఆవిడకి తెలివొచ్చాక కాలు అరచేతిలో పెట్టుకుని జరిగిందంతా చెప్పేశాను. తిట్టమన్నాను. ఆవిడ దాని కేసి చూడనే లేదు.

"నా పిల్ల కాళ్ళు?"

"రెండూ బాగున్నాయమ్మా. ఒకటే తన్నుడు."

"అయితే అది నువ్వే ఉంచుకో" అంది.

చేసిన తప్పుకి తిట్లు తినడం నాకు అలవాటే. తప్పుకి దీవెన దొరికింది మాత్రం ఆ ఒక్కసారే. ఆ పచ్చకాలు ఇప్పటికీ నా బైబిలు పక్కన అగ్గిపెట్టెలో ఉంది. ప్రార్థనలో రోజూ ఆ తల్లీకూతుళ్ళ పేర్లు చెప్పుకుంటాను. కప్ప సంగతి మాత్రం ప్రభువు దగ్గర ఎత్తను.