ఉతకని తువ్వాలు

మా జీడితోట పక్క తోట మావ పోయాడు. టెక్కలి ఆసుపత్రి నుంచి పొద్దున్నే ఫోనొచ్చింది. అందరూ అత్త గురించి, పిల్లల గురించి అడిగారు. నాకు మాత్రం ముందు ఆయన కుక్క గుర్తొచ్చింది. అది ఆయన చేతి కూడు తప్ప తినదు. అది అలా తయారవడానికి సగం కారణం నా మీద ఆయనకున్న అనుమానం.

మాకు చుట్టరికం లేదు, ఊరి వరసకి మావ. ఆయన పెంచింది ముధోల్ జాతి వేటకుక్క. సన్నటి నడుము, పొడుగు కాళ్ళు, పైకి కనిపించే పక్కటెముకలు. "కూడెట్టక మాడిత్తన్నాడు" అని ఊరంతా అనుకునేది. నేనూ అనుకున్నాను. "దాని ఒళ్ళే అంతరా, కండ పడితే పరుగు పోద్ది" అనేవాడు మావ. తెల్లారేసరికి బారువ తీరంలో తడి ఇసుక మీద పరిగెత్తించేవాడు. ఎండెక్కితే ఆపేసేవాడు. ఒగర్పు తగ్గేదాకా నీళ్ళు పెట్టేవాడు కాదు. ఇంటికొచ్చాక ఒక్కో పాదం ఒళ్ళో పెట్టుకుని ముళ్ళు, చెవుల్లో పిడుదులు వెతికేవాడు. వేటకు ఎన్నడూ తీసుకెళ్ళలేదు, తోటలో పడ్డ అడవి పందుల్ని తరిమితే చాలనేవాడు. "కాళ్ళకి పని సెప్పకపోతే పళ్ళు పని ఎతుక్కుంతాయల్లుడా" అని, నమిలేసిన మంచం కోళ్ళు చూపించేవాడు.

దీనికి ముందు ఇంకో కుక్క ఉండేది. పందుల కోసం ఎవరో మందు కలిపి పెట్టిన ముద్ద తిని, మా కంచె దగ్గర చచ్చిపోయింది. అదీ నా వైపు. "పందులు నీ తోటలో పనసల మీద పడ్డాయి కదేటి" అన్నాడు, అంతే. తిట్టినా బాగుండేది. నేను పెట్టలేదని ఒట్టేశాను. తర్వాత తెచ్చిన ఈ కుక్కకు మొట్టమొదట నేర్పింది, పరాయి చెయ్యి పెట్టిన కూడు ముట్టొద్దని. నేను కంచె దగ్గరికొస్తే దాన్ని లోపలికి పిలిచేవాడు. అనుమానం పెనుభూతం అంటారు. అది మా కంచె మీద ఐదేళ్ళు కాపురం చేసింది.

పలాసలో ఆయనకు డయాలసిస్ మొదలైన కొత్తలో ఒకరోజు మా గుమ్మంలోకి వచ్చాడు.

"అల్లుడా, నీ తువ్వాలొకటియ్యి. ఉతకొద్దు."

"దేనికి మావా?"

"పనుంది."

ఇచ్చాను. "ఒంటి మీద గుడ్డ అలగిచ్చీసినావేటి? సిల్లంగి ఎడితేనో?" అంది మా ఆవిడ. చేతబడి మాటకు చదువుకున్నవాడు నవ్వాలి. నేను నవ్వలేదు. పది రోజులకోసారి పాతది ఉతికి ఇచ్చి, ఇంకోటి పట్టుకెళ్ళేవాడు. ఉండబట్టలేక ఓసారి కంచె సందులోంచి తొంగిచూశాను. ఆయన నన్ను చూసి తలుపేసుకున్నాడు. దాంతో నా అనుమానం గట్టిపడింది.

ఆయన పోయిన మూడో రోజుకూ కుక్క మెతుకు ముట్టలేదు. అత్త పెట్టినా, ఊళ్ళ నుంచి వచ్చిన కొడుకూ కూతురూ పెట్టినా మొహం తిప్పుకుంది. అప్పుడు అత్త నన్ను పిలిపించింది.

"నువ్వెట్టు నాయినా. మీ మావ నీ తువ్వాలు పరిసీసి, దాని మీద గిన్నెట్టి తినిపించీవోడు. నీ వాసన అలవాటు సేసినాడు. నాను పోతే ఆడి సేతి కూడు తినాల అనీవోడు."

"నాకెందుకు సెప్పలేదత్తా?"

"సెప్తే, ఆ మందు నువ్వెట్టలేదని ఒప్పుకోవాలి గదేటి. మొండి మనిషి."

నాకు ఏడుపాగలేదు. నేను ఐదేళ్ళు ఎదురుచూసిన మాట అది. నన్ను అంత నమ్మిన మనిషి మీద నేను చేతబడి అంటగట్టాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. చోడి సంకటి ముద్ద అరచేతిలో పెట్టుకుని కుక్క ముందు కూర్చున్నాను. అది నా వేళ్ళు చాలాసేపు వాసన చూసింది. తర్వాత తిన్నది.

నా బుద్ధి మాత్రం ఊరుకోలేదు. మావ నిజంగా నమ్మాడా, లేక దగ్గరున్నది వీడొక్కడే కదా అని సరిపెట్టుకున్నాడా అని అడుగుతూనే ఉంది. ఇప్పుడు రోజూ దాన్ని బారువ తీసుకెళ్తున్నాను. నిన్న ఇసుకలో చేపలు ఆరబెడుతున్న ఒకామె దాని ముందుకు ఓ చేప విసిరింది. కుక్క చేపను చూడలేదు. తల తిప్పి, నా మొహంలోకి చూస్తూ నిలబడింది.