పద్యంలో పోయిన డీకన్

"చచ్చిపోయిన గుర్రం దాణా తినకూడదని ఎక్కడైనా రాసుందా మరీషా?" అన్నాడు ఓరిన్ టాకెట్, తన ముసలి గుర్రం డీకన్ ముందు తొట్టె పెడుతూ.

"నువ్వే రాశావు కదయ్యా! నీ పద్యం విని మా చెల్లెలు ముక్కు చీదుకుంటూ ఇల్లు చేరింది" అంది కంచె అవతల నుంచి మరీషా ఎచెవెరీ.

మరీషా గొర్రెలు కాస్తుంది. ఓరిన్ మొన్న మొన్నటిదాకా ఆవులు కాశాడు. రూబీ కొండల దిగువన ఆ రెండు రకాల మనుషుల మధ్య కంచె పొట్టిదే గాని ఎడం చాలా ఉంది. అయినా అతను పలకరిస్తే ఆగడం ఆమెకు అలవాటు. కబుర్లు బాగా చెబుతాడు.

ఓరిన్ జీను మీదే పెరిగాడు. గుర్రం విసిరేసినప్పుడల్లా ఒక ఎముక విరగ్గొట్టుకునేవాడు, మంచమెక్కినప్పుడల్లా ఒక పద్యం కట్టేవాడు. అతని కవిత్వానికి సరస్వతి ఎడమకాలి ఎముకేనని భార్య విల్మా నవ్వేది.

ఏటా జనవరిలో పట్నంలో కౌబాయ్ పద్యాల జాతర జరుగుతుంది. ఆవు మొహం చూడని పళ్ల డాక్టర్లు కూడా ఆ వారం బూట్లకు గుర్రాన్ని అదిలించే ముళ్లచక్రాలు తగిలించుకుని హోటళ్లలో గలగలలాడుతూ తిరుగుతారు. ఒక ఏడు జాతర ముందురోజే డీకన్ కడుపునొప్పితో పడిపోయాడు. తెల్లవారేదాకా ఉండడని పశువుల డాక్టరు తేల్చేశాడు. ఓరిన్ పక్కనే కూర్చుని, ఏడుస్తూ పద్యం కట్టాడు. కడుపులో గాలి పట్టి పోయాడంటే పద్యానికేం అందం? అందుకని మంచుతుఫాను పెట్టాడు.

*తుఫాను చీల్చి నన్ను తెచ్చి తలుపు దగ్గర కూలావు,*
*టోపీ మీది మంచు కరగకముందే నన్నొదిలి పోయావు.*

ఆఖరి ఊపిరి చూడలేక తెల్లవారకముందే పట్నం వెళ్లి అది చదివాడు. హాలు హాలంతా లేచి నిలబడింది. ఇంటికొస్తే గేటు దగ్గర డీకన్!

"ఇదిగో, నీ స్వర్గస్థుడికి ఆకలేస్తోందట" అంది విల్మా.

మరుసటేడు నిజం చెప్పేద్దామనుకునే వేదికెక్కాడు. నోరు తెరవకముందే జనం "డీకన్! డీకన్!" అని అరిచారు. అంతే. ఆ తర్వాత ఏటా డీకన్ పట్నంలో చచ్చిపోతూనే ఉన్నాడు, ఇక్కడ తింటూనే ఉన్నాడు.

"ఈసారి వాడి బొమ్మ గీయించారు, గోడంత" అన్నాడు ఓరిన్. "నేను పద్యం చదువుతుంటే తెర తీస్తారట. గీసినాయన రేపు సమాధి చూడ్డానికి వస్తున్నాడు. రాళ్లు పేర్చానులే. కానీ వీడు వెళ్లి ఆ రాళ్ల మీదే ఒళ్లు గోక్కుంటున్నాడు!"

మరీషాకు నవ్వాగలేదు. "ఒక్క తూటా వేస్తే పద్యం నిజమైపోతుందని మా ఆయన అంటున్నాడు."

ఓరిన్ గబుక్కున గుర్రానికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. "మీ ఆయన్ని నా గేటు దాటి రావద్దని చెప్పు." కాసేపటికి గొంతు తగ్గింది. "విల్మా పోయింది. మంద అమ్మేశాను. నేనెప్పుడొస్తానా అని ఎదురుచూసేవాళ్లు ఆ హాల్లో తప్ప ఎక్కడున్నారు? అలాగని వీణ్ణి..." వాక్యం మింగేసి టోపీ తీశాడు. ఆడవాళ్లముందు కూడా తీయని టోపీ అది. "మీ గొర్రెల దొడ్డి ఖాళీగా ఉందా?"

"ఖాళీ ఏమిటి, నిండా గొర్రెలే. గొర్రె మేసిన చోట గడ్డి సిగ్గుతో చస్తుందన్నావుగా, ఏదో పద్యంలో?"

"ప్రాస కోసం అన్నాలే."

"అయితే ఈసారి వేదిక మీద గొర్రెలను పొగుడుతూ ఒకటి చదువు. మాటిస్తే ఇప్పుడే తీసుకెళ్తా."

ఓరిన్ మొహం చేదుమందు తాగినట్టయింది. డీకన్ వైపు చూశాడు, కొండల వైపు చూశాడు. "పొట్టిదైతే చదువుతా" అన్నాడు చివరికి.

మరీషా గేటు తీసి పగ్గం అందుకుంది. నలభయ్యేళ్లుగా గొర్రెలను తిట్టినవాడు వాటి దొడ్డివైపు తన గుర్రాన్ని స్వయంగా నాలుగడుగులు నడిపించి ఆగిపోయాడు.

"దాణా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టు, పళ్లు లేవు. ఎడమ కన్ను కనపడదు, కుడివైపు నుంచే దగ్గరికెళ్లు. ఆ బొమ్మలాయన దారిలో ఎదురైతే మాత్రం వీణ్ణి పేరు పెట్టి పిలవకమ్మా. పిలిస్తే సకిలిస్తాడు."