నల్లా పైపు మీద చప్పుడు

ప్లాంటు క్యాంటీన్‌లో ఎవరైనా దెయ్యాల కబుర్లు మొదలుపెడితే టీ వదిలేసి లేచిపోయే రకం నేను. ఇప్పటికీ నమ్మను. జరిగింది మాత్రం చెబుతాను.

మాది పాల్వంచ. నా భార్య సరోజకు పక్షవాతం వచ్చి ఎడమవైపు స్పర్శ పోయింది. మరిగే నీళ్లు పడినా ఆ పక్క తెలియదు. బకెట్లో కలిపి పోయొచ్చు కదా అంటారు. ఒక చేత్తో మనిషిని పట్టుకుని, ఇంకో చేత్తో వంగి చెంబు ముంచి చూడండి, తెలుస్తుంది. అందుకే కుర్చీలో కూర్చోబెట్టి షవర్ కిందే స్నానం.

ఈ కిరాయి ఇంట్లో కిందికీ పైకీ ఒకటే ట్యాంకు. గీజర్‌కు మాత్రం వేరే పైపు. పైవాళ్లు నల్లా తిప్పారంటే మాకు చన్నీళ్లు తగ్గిపోయి షవర్లో ఒట్టి వేడినీళ్లే దూకుతాయి. అందుకని మా అమ్మాయి కవిత వాళ్లమ్మకు స్నానం చేయించే ముందు స్టీలు చెంబుతో పైపు మీద కొట్టేది. పై వాటాలో ఉండే జరీనా అది విని నల్లాలు కట్టేసేది.

కవిత జ్వరంతో దవాఖానాలో పోయింది. పెళ్లి కూడా కాని పిల్ల. భద్రాచలం వెళ్లి గోదావరిలో అస్థికలు కలిపి వచ్చాం. దేవుడికి కళ్లు లేవు, అంతే.

తర్వాత స్నానం నా వంతయింది. మొదటి రోజు పైపు సంగతే గుర్తు రాలేదు. అయినా నీళ్లు గోరువెచ్చగానే వచ్చాయి. పైకెళ్లి జరీనాను అడిగాను.

"చప్పుడు ఇనంగనే బంద్ చేసిన అన్నా" అంది.

"నేను కొట్టలేదమ్మా."

"గట్లెట్ల? కవిత కొట్టినట్టే కొట్టిన్రు గదా."

వేడికి పైపులు కొట్టుకుంటాయి, గాలి చేరినా చప్పుడొస్తుంది. అది నాకూ తెలుసు. కానీ పైపు పక్కనే ఉన్న మాకు ఏమీ వినపడలేదు. ఆ తర్వాత కావాలనే కొట్టకుండా, నీళ్లలో చెయ్యి పెట్టుకుని చూశాను. ప్రతిసారీ జరీనాకు వినిపించింది. సరోజ మొహంలో చాలా రోజుల తర్వాత వెలుగు చూశాను.

ఒకసారి జరీనా వాళ్లు ఖమ్మం పెళ్లికి వెళ్లారు. పైన వాళ్లింట్లో ఉన్న చుట్టాలకు ఈ పద్ధతి తెలియదు. నేను సబ్బు అందుకునేలోపే సరోజ భుజం కాలి బొబ్బలెక్కింది. ఆమెకు తెలియనే లేదు. చప్పుడు వినిపించిందట వాళ్లకు. ఎందుకో అర్థంకాక ఊరుకున్నారట.

ఆ వారమే వేడి హద్దు దాటకుండా ఆపే వాల్వు బిగించాను. పైన ఎన్ని నల్లాలు తిప్పినా ఇప్పుడు భయం లేదు. ఆ రోజు నుంచి చప్పుడూ లేదు.

"దాన్ని తీసెయ్యుండ్రి" అంటుంది సరోజ. "నా బిడ్డకు నాతోని పని లేకుంట చేసిన్రు."

పానా చేతిలోకి తీసుకుంటాను. ఆ భుజం చూసి మళ్లీ పెట్టేస్తాను. అదేం చప్పుడో, ఎందుకొచ్చిందో నాకు ఈ రోజుకీ తెలియదు. రోజూ స్నానం అయ్యాక మాత్రం మెట్లెక్కుతాను. ఈ మధ్య జరీనా నన్ను అడగనివ్వడం లేదు, గుమ్మంలోనే తల అడ్డంగా ఊపుతోంది.