అక్కుపల్లిలో ఖాళీ అయిన డబ్బా

పోయిన నెల అక్కుపల్లి ఒడ్డున నా పరువు ఎలా గంగలో కలిసిందో చెప్తాను. ముందు టీ తాగేయండి, మధ్యలో నవ్వితే పొలమారుతుంది!

నేను పలాసలో ఎయిడ్స్ కౌన్సెలర్ని కదా. మాట్లాడ్డంలో నన్ను మించినవాడు జిల్లాలోనే లేడని నా నమ్మకం. అక్కుపల్లి మా అత్తారూరు. అక్కడి మగాళ్లు ఏటా గుజరాత్ బోట్ల మీద పనికెళ్లి, నెలల తరబడి ఇంటికి రారు. వాళ్లకి జాగ్రత్తలు చెప్పాలి. కానీ ఎదురుగా కూర్చున్నదెవరు? మా మావ, ఆయన తమ్ముళ్లు! అల్లుడికి నోరెలా పెగులుతుంది? వలలు బాగుచేసుకునే పాకలో కండోమ్‌ల డబ్బా పెట్టి, "ఆరోగ్యానికి మంచివి, తీసుకోండి" అనేసి వచ్చేశాను.

వారంలో డబ్బా ఖాళీ! మళ్లీ నింపితే మళ్లీ ఖాళీ! రిపోర్టులో ఘనంగా రాశాను. అది చదివి శ్రీకాకుళం నుంచి మా పై అధికారి మేడం స్వయంగా వచ్చారు. జీపులో దారంతా నా గొప్పలే.

మేం వెళ్లేసరికి మా మావ పడవ దిగుతున్నాడు. నడుం దగ్గర్నుంచి కండోమ్ తీసి, ముడి విప్పి, అందులోంచి అగ్గిపెట్టె తీసి బీడీ ముట్టించాడు. ఇంకోదాంట్లోంచి సెల్‌ఫోన్!

"భలే సరుకిచ్చినావు అల్లుడూ! ఎంత కెరటం కొట్టినా సుక్క తడవదు."

మేడం నావైపు తిరిగారు. "ఎలా వాడాలో చూపించారా?"

లేదని తల అడ్డంగా ఊపాను. నిజం చెప్తున్నా, భయమేసింది. వచ్చే వారమే కుర్రాళ్లు గుజరాత్ రైలెక్కుతున్నారు. నా సిగ్గు వల్ల ఒక్కడికి రోగం అంటుకున్నా ఆ పాపం నాదే కదా!

మేడం కొట్టులోంచి ఓ అరటిపండు తెప్పించి నా చేతిలో పెట్టారు. నేను దాన్ని వీపు వెనక దాచుకున్నాను. మా మావే కసిరాడు:

"సిగ్గేటి అల్లుడూ? మా కుర్రోళ్లు ఊరు దాటెల్తన్నారు. సరిగ్గా సెప్పు!"

చెప్పాను. మొదలెట్టాక నన్నాపడం ఎవడి తరం? మర్నాడు కుర్రాళ్లంతా పలాస వచ్చి రక్తపరీక్ష చేయించుకున్నారు. లైన్లో మొదటివాడు మా మావ!

పని మాత్రం సూపర్ సక్సెస్. ఒక్కటే నష్టం. ఆ రోజు నుంచి అత్తారింట్లో నాకు భోజనంలో అరటిపండు వెయ్యడం మానేశారు. నిన్న నోరు తెరిచి అడిగితే, మా అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి పరిగెత్తింది!