నాంపల్లిలో వంద వోల్టులు

కరెంటాఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు పనిచేశాను. చేసిందంతా సిబ్బంది సెలవుల ఫైళ్లు చూడటం. ఎవరికెన్ని రోజుల ఆర్జిత సెలవు మిగిలిందో చెప్పగలను గానీ, ఫ్యూజు వేయడం ఇప్పటికీ రాదు. మా బంధువులకు ఈ తేడా పట్టదు. ఎవరింట్లో ఫ్యాను తిరగకపోయినా ముందు నా ఫోను మోగుతుంది. వెళ్లి, స్టూలెక్కి, కాసేపు గంభీరంగా చూసి, "ఎలక్ట్రీషియన్ని పిలవండి" అని చెప్పి దిగుతాను. కాఫీ ఇస్తారు.

మా అక్క జపాన్ ప్రయాణంలో ప్లగ్గుల బాధ్యత నా నెత్తిన పడింది అందుకే.

అక్క నాంపల్లిలో నలభై ఏళ్లుగా సంగీతం చెబుతోంది. టోక్యోలో ఉంటున్న తెలుగువాళ్లు తమ సభలో పాడమని ఆమెను, ఆమె దగ్గర నేర్చుకుంటున్న నలుగురు ఆడవాళ్లను పిలిచారు. అక్కకు విమానమన్నా భయం లేదు, అక్కడి చలన్నా భయం లేదు. బెంగంతా శ్రుతి పెట్టె గురించే. ప్లగ్గులో పెట్టి మీట నొక్కితే తంబురాలా మోగే ఆ పెట్టె ఇరవై ఏళ్ల నుంచీ ఆమె దగ్గరుంది. పొద్దున కాఫీ కంటే ముందు దాని మీట పడాలి. అది పక్కన లేకుండా ఇన్నేళ్లలో ఏ సభలోనూ గొంతు విప్పలేదు. ఫోనులో కూడా శ్రుతి వస్తుందని శిష్యురాళ్లు చెప్పి చూశారు.

"మధ్యలో ఎవడో ప్లాటు కొంటారా అని ఫోన్ చేస్తాడు. వాడికి నేను పల్లవి అందించాలా?" అంది అక్క.

తర్వాత నావైపు తిరిగి, "అక్కడ ప్లగ్గు వేరట్రా. నీకు తెలిసిన సంగతేగా, చూడు," అంది. నాకు తెలియని సంగతని ఇన్నేళ్ల తర్వాత చెప్పడానికి మొహం చెల్లలేదు.

అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు దాటి నాలుగడుగులు వేస్తే ఒక ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. అక్కడ బల్బు కొన్నా, ట్యూబులైటు కొన్నా కౌంటరు మీద వెలిగించి చూపించాకే చేతికిస్తారు. కొట్టాయన నా ముందు సబ్బు పెట్టెంత తెల్లటి అడాప్టరు డబ్బా ఒకటి పెట్టాడు. పక్కనున్న బొడిపెలు జరిపితే ఒక్కో దేశం కాళ్లు బయటికొస్తున్నాయి.

"జపాన్‌కు గీ రెండు చపటా కాళ్లు సార్."

"వెలిగించి చూపించండి," అన్నాను, అలవాటు కొద్దీ.

"గీ కాళ్లు పట్టే బొక్కలు మన తాన లెవ్వు. గాడికి పోయినంక మీరే చూసుకోవాలె." డబ్బాను తుడుస్తూ, "సామాను ఏంది? వోల్టేజి చూసుకున్నరా?" అని అడిగాడు.

"కరెంటాఫీసులో చేశానండీ," అన్నాను. అడిగినదానికి అది జవాబు కాదు. అయినా ఆయన గౌరవంగా తలూపి, కవరులో పెట్టి ఇచ్చాడు.

ఆ సాయంత్రం శిష్యురాళ్లలో బషీర్‌బాగ్‌లో ఉద్యోగం చేసే ఆవిడ అడాప్టరును చూసి, మనకు రెండువందల ముప్పై వోల్టులైతే జపాన్‌లో వందేనని చెప్పింది. గదిలో అందరూ నన్ను చూశారు.

"సగం కూడా లేదన్నమాట," అంది అక్క. "శ్రుతి దిగిపోతుందేంట్రా?"

"కొద్దిగా దిగొచ్చు," అన్నాను. ఎంత తెలియకపోతే అంత మెల్లగా మాట్లాడటం ఆఫీసులో నేర్చుకున్న విద్య.

"నేను పాడేది ఐదు శ్రుతిలో. అది రెండుకి దిగితే మా ఐదుగురి గొంతులూ నూతిలో పడతాయి." నవ్వలేదు. పెట్టె మీద కప్పే గుడ్డను మడతపెడుతూ, "పెట్టె మోగకపోతే నేను వెళ్లను. ముందే చెప్పేస్తే వాళ్లు ఇంకొకర్ని చూసుకుంటారు," అంది.

నలుగురూ అప్పటికే సెలవులు పెట్టేశారు. మంజూరైన సెలవు రద్దు చేయించుకోవడం ఎంత కష్టమో ఆ గదిలో నా ఒక్కడికే తెలుసు.

మర్నాడు పెట్టెను తువ్వాల్లో చుట్టి, అక్కను వెంటబెట్టుకుని, వాళ్ల సందు చివరి స్టెబిలైజర్ల రిపేరు షాపుకు వెళ్లాను. అక్కకు ఎప్పటినుంచో తెలిసిన, వయసు మళ్లిన మెకానిక్ అడాప్టరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గిది మూతి మారుస్తది సార్, గంతే. కరెంటును ఏం జెయ్యది. మీరు కరెంటాఫీసే గదా?"

"సెలవుల సెక్షను," అన్నాను.

"ఔ, గట్ల చెప్పున్రి."

అతని బల్ల మీద ఒక గుండ్రటి యంత్రం ఉంది. దాని నాబ్ తిప్పితే వోల్టేజి పెరుగుతుంది, తగ్గుతుంది. బాగుచేసిన స్టెబిలైజర్లను దానికి తగిలించే పరీక్షిస్తాడట. శ్రుతి పెట్టెను దానికే తగిలించాడు.

"గీడ రెండువందల ముప్పై, నాంపల్లి. గాడ వంద, మీ జపాన్. ఊకె గంత దూరం పోయి చూసుడెందుకు. అమ్మా, జర పాడున్రి."

అక్క స్టూలు మీద సర్దుకుని కూర్చుంది. విప్పిన స్టెబిలైజర్ల మధ్య, ఆటోల హారన్ల మధ్య మోహన రాగం ఎత్తుకుంది. మెకానిక్ నాబ్ తిప్పసాగాడు. నూట డెబ్భైకి వచ్చినా శ్రుతి దిగలేదు. నేను చెప్పింది తప్పని తేలింది. నూట యాభై దగ్గర పెట్టె గరగరమంది. నూట ముప్పై దగ్గర మూలిగింది. వంద దగ్గర దాని ఎర్ర దీపం ఆరిపోయి, ఇక ఏమీ వినిపించలేదు.

అక్క ఆపేస్తుందనుకున్నాను. కళ్లు మూసుకునే ఉంది. రాగం సాగుతూనే ఉంది. మెకానిక్ నాబ్ మీంచి చెయ్యి తీయలేదు. స్టెబిలైజరు కోసం వచ్చినాయన గుమ్మం దగ్గరే ఆగిపోయాడు. పైకీ కిందికీ తిరిగి తిరిగి ఆమె చివరికి షడ్జం మీద నిలబడింది. అప్పుడు మెకానిక్ నాబ్‌ను వెనక్కి తిప్పాడు. మూలుగు, గరగర, ఆ తర్వాత నిండు శ్రుతి. అది వచ్చి ఆమె గొంతు నిలబడ్డ చోటే కలిసింది. సంగీతం రాని నాకే తెలిసింది.

"ఎంతసేపు ఆగింది?" అని అడిగింది, కళ్లు తెరిచి.

"జపాన్ పోయొచ్చేటంత సేపు," అన్నాడు మెకానిక్. "ఫికర్ చెయ్యకున్రి, వంద నుంచి పైకెక్కించే ట్రాన్స్‌ఫార్మర్ చుట్టిస్త. నాలుగు రోజులు. కిలోన్నర బరువైతది."

అక్క పెట్టె మీట ఆపి, ప్లగ్గు పీకింది.

"వద్దులే బాబూ. ఆ కిలోన్నరలో రెండు చీరలు పెట్టుకుంటాను," అని పెట్టెను తువ్వాల్లో చుట్టింది.

అడాప్టరు మాత్రం జపాన్ వెళ్లింది. ఐదుగురి ఫోన్లూ వంతులవారీగా దానితోనే చార్జ్ చేసుకున్నారట. పెట్టె మా ఇంటికొచ్చింది. రోజూ పొద్దున మీట వెయ్యమని అక్క చెప్పి వెళ్లింది, వేశాను.

తిరిగొచ్చాక సభ ఎలా జరిగిందని అడిగాను.

"బాగానే పాడాం. వాళ్ల స్పీకర్లోంచి సన్నగా ఒకటే మోత. కరెంటు మోతట. దాదాపు నా ఐదు శ్రుతిలోనే ఉందిరా, ఒక్క పిసరు ఎక్కువ," అంది. "ఆ పిసరు తగ్గించమని నువ్వు ముందే ఒక ఉత్తరం రాయాల్సింది. కరెంటాఫీసువాడివేగా."