పుత్తూరు కట్టు

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో బెజవాడ నుంచి తిరుమల వచ్చి, మెట్ల మీద జారి కాలు విరగ్గొట్టుకున్నాను. కట్టు కోసం పుత్తూరు తీసుకెళ్లారు. వరసలో ముందు చెయ్యి విరిగిన, బ్రిటిష్ సైన్యంలోని ఆఫ్రికా సిపాయి, తర్వాత మడమ కీలు తప్పిన తెల్లదొర, చివర నేను.

"ఆ నల్లవాణ్ణి లేపి ముందు నాకు కట్టమను" అన్నాడు దొర ఇంగ్లీషులో. కట్టు కట్టే పెద్దాయనకు అదే తెలుగులో చెప్పాను.

"ఈడ ముందొచ్చినోళ్లకే ముందు. కట్టేటప్పుడు ఎనకాలోళ్లు ముందోళ్లని పట్టుకోవాల. దొరకి సెప్పప్పా."

ఒక్క మాటా మెత్తబరచకుండా దొరకు ఇంగ్లీషులో చెప్పాను. దొర ముఖం ఎర్రబడింది. కాసేపటికి దొరే సిపాయి వెనక కూర్చుని అతని భుజాలు పట్టుకున్నాడు.

దొర భుజాలు నేను పట్టుకున్నాను. నా వెనక ఎవరూ లేరు. కట్టు అయిపోయినా వెళ్లకుండా ఆగిన సిపాయి వచ్చి, బాగున్న చెయ్యి నా భుజం మీద వేశాడు. అంత గర్వంగా నొప్పి ఓర్చుకున్నది జీవితంలో అదొక్కసారే.