పాపతో చెప్పించిన మాటలు

గౌలిపురలోని మా అత్తవారింట్లో తమ్ముడి భార్య బావగారితో నేరుగా మాట్లాడకూడదు. కొంగు తలమీదికి లాక్కొని, ఒళ్లో బిడ్డకు చెప్పినట్టు చెప్పాలి. "మీ పెద్దబాపును అన్నానికి లెవ్వుమను బిడ్డా" అని నేనంటే, బావగారు కూడా పాపనే చూస్తూ "వస్తున్న అని చెప్పు మీ అమ్మకు" అనేవారు. నెలల పిల్ల ఇద్దరి మాటలూ విని నోట్లో వేలు పెట్టుకునేది.

బావగారు జైలునుంచి వచ్చేనాటికి జర్మనీ యుద్ధం ఇంకా నడుస్తూనే ఉంది. పాల బేరంలో మాటామాటా పెరిగి ఆయన కర్ర ఎత్తారట. అవతలి మనిషి బతికాడు గాని కాలు సరిగా రాలేదు. ఇదంతా నా పెళ్లికి ముందు సంగతి. అందుకే నేను బావగారిని మొదటిసారి చూసింది ఆయన విడుదలై గుమ్మం బయట నిలబడినప్పుడే. అత్తమ్మ "లోపలికి రా కొడుకా" అనేదాకా అడుగు వేయలేదు. తర్వాత కూడా అంతే. ఏ వాకిలి దగ్గరైనా ఎవరో పొమ్మని చెప్పాలన్నట్టు ఒక్క క్షణం ఆగేవారు.

నేను కాలేజీలో నఫ్సియాత్ చదివినదాన్ని. మనసును గురించిన ఆ శాస్త్రాన్ని మాకు ఉర్దూలోనే చెప్పేవారు. చదివి ఏం లాభం? బావగారు పెరట్లో ఉన్నంతసేపూ పాపను కింద పడుకోబెట్టేదాన్ని కాదు.

అత్తమ్మ ఇంట్లో ఒక కట్టడి చేసింది. "జైలు మాట ఎవ్వరు ఎత్తొద్దు. వాని మనసు నొస్తది." ప్రేమతో చేసిన కట్టడే. కానీ ఆయనకు చెప్పుకోవాలని ఉండేదని నాకు త్వరలోనే తెలిసింది. ఒక మధ్యాహ్నం అత్తమ్మ గడ్డి కోసం వెళ్లింది. నేను పాపకు ఉగ్గు పెడుతున్నాను. బావగారు దూరంగా కూర్చుని పగ్గం పేనుతూ పాపతో మొదలుపెట్టారు.

"బిడ్డా, ఆడ ఒక డాక్టర్ సాబ్ ఉండె. నాడి చూసి మందిచ్చెటోడు. అందరు పోయినంక నన్ను కూసోబెట్టి అడిగెటోడు, చెయ్యి లేవకముందు నీకేమైతది అని. ఏమైతది సాబ్, చెయ్యి లేస్తది అన్న."

నాకు నవ్వు వచ్చింది. "తర్వాత ఏమైందో అడుగు బిడ్డా" అన్నాను.

"రోజు గదే సవాల్. అడగంగ అడగంగ నాకే ఎరుకైంది. ముందుగాల చెవులు వేడెక్కుతయ్. నోరు ఎండుతది. గప్పుడే చేతిల ఉన్నది కింద పెట్టు, వేళ్లు ఇప్పు, పక్కకు జరుగు అని చెప్పిండు."

ఇలా అని చూపించడానికి ఆయన వేళ్లు విప్పి చెయ్యి చాపారు. పాప ముందుకు వంగి ఒక వేలు పట్టుకుంది. నేను పాపను వెనక్కి లాక్కోలేదు. మరునాటి నుంచి పాప చాప పెరట్లోనే పరిచాను.

ఆయనకు ఉన్న కోరిక ఒక్కటే, మళ్లీ తన బర్రె కింద కూర్చోవాలని. అది ఆయన చేతుల మీద పెరిగిన బర్రె. అప్పట్లో మావాళ్లు బర్రెను పాల ఖాతాలున్న ఇళ్ల ముందుకు తోలుకుపోయి, వాళ్ల కళ్ల ముందే పాలు పిండేవారు. చివరికి అత్తమ్మ ఒప్పుకుంది. బావగారు తెల్లటి రుమాలు చుట్టుకుని బర్రెనూ దాని దుడ్డెనూ తోలుకుని ఒక సేటు ఇంటికి వెళ్లారు.

వట్టి చెంబుతో తిరిగి వచ్చారు. "బర్రె చేపలే, పాలియ్యలే" అని తల్లితో ఒక్క మాట అన్నారు. మిగతాది పాపకు చెప్పారు.

"సేటు గుమాస్తా నవ్విండు బిడ్డా. ఏం భాయ్, జైలుకు పోయొస్తే బర్రె గూడ గుర్తువడ్తలేదా అన్నడు. అందరు నవ్విన్రు. నా చెవులు వేడెక్కినయ్. చేతిల కర్ర ఉన్నది."

"కర్రను ఏం చేసిన్రో అడుగు బిడ్డా" అన్నాను.

"కింద పెట్టిన. వేళ్లు ఇప్పిన. పక్కకు జరిగిన."

పరీక్ష నెగ్గిన పిల్లవాడిలా చెప్పారు. ఆ నెగ్గుడు ఇంట్లో ఎవరికీ అక్కరలేకపోయింది. బర్రె పాలు ఎగబట్టడమే లెక్కలోకి వచ్చింది.

"మనుషులను మోసం జెయ్యొచ్చు, మూగజీవాన్ని జెయ్యలేం" అంది అత్తమ్మ. "ఆ చేతిల పాపం ఇంక పోలే. ఇగ బర్రెల కాడికి పోనియ్యద్దు."

"అది ఆ చెయ్యిని మరిచింది అత్తమ్మా, అంతే. నాలుగు దినాలు దగ్గర తిరగనియ్యి, అదే చేపుతది."

"కాలేజీల బర్రెలకు గూడ పాఠాలు చెప్పిన్రా ఏంది పిల్లా?"

మా ఆయన పకపకా నవ్వారు. నేను ఊరుకోలేదు. "అది కాదు అత్తమ్మా, ఆ గుమాస్తా నవ్వినప్పుడు బావ, జైల్ల నేర్చుకున్నట్టు..."

"జైలు మాట ఎత్తొద్దన్ననా లేదా?"

"అమ్మకు బర్రెల సంగతి ఎరుకే. లొల్లి వద్దు" అన్నారు మా ఆయన, కచేరీ కొలువుకు టోపీ పెట్టుకుంటూ.

పాలవాళ్ల ఇంట్లో పాకలోకి పోకూడని మగవాడు ఏం చేయాలి? బావగారు పేనిన పగ్గాన్నే విప్పి మళ్లీ పేనేవారు. జైల్లో నేర్చిన జంపఖానాల నేతను ఆ జైల్లోనే ఖైదీలకు కూలి మీద నేర్పే పని ఉందని కబురొచ్చింది. ఒకరోజు బట్టలు మూట కట్టారు. అత్తమ్మ పాలకు పోయింది, మా ఆయన కచేరీలో ఉన్నారు. రెండు రోజుల జ్వరం దిగి పాప అప్పుడే కన్ను మూసింది.

బావగారు వీధి గుమ్మం దగ్గర ఆగారు. నేను వంటింటి వాకిట్లో నిలబడి ఉన్నాను. ఒళ్లో బిడ్డ లేదు. బిడ్డ లేకుండా ఆయనతో మాట ఎలా మొదలుపెట్టాలో నాకు తెలియలేదు. పాపను లేపుదామనుకున్నాను, జ్వరం తిరగబెడుతుందేమోనని భయం. ఆగడం ఆయనకు అలవాటే, వెళతారులే అనుకున్నాను. కానీ ఎప్పుడూ అంతసేపు ఆగలేదు. పొమ్మంటారని చూశారో, ఉండమంటారని చూశారో! తర్వాత తల వంచి గుమ్మం దాటారు.

ఆయన ఇప్పుడూ అక్కడే నేత నేర్పుతున్నారు. పండుగలకు కూడా ఇంటికి రారు. "సర్కారు కొలువు, నసీబు మంచిది" అని అత్తమ్మ అందరితో చెబుతుంది.

పాపకు మాటలు వచ్చాయి. గాజులామె గాని, గడ్డివాడు గాని గుమ్మంలో ఆగితే చాలు, "లోపలికి రా" అని తానే పిలుస్తుంది. కొత్తవాళ్లను అలా పిలవొద్దని అత్తమ్మ కసురుతుంది. ఇది రాస్తూ కూడా, పాప నిద్రలో కదిలినప్పుడల్లా కలం ఆపి నుదురు తడిమి చూసే పిరికిదాన్ని నేను. అయినా ఆ ఒక్క పిలుపును మాత్రం వద్దనను.